నాలుగు కొవ్వొత్తులు, ఒక బియ్యం కుండ

2024 ఆగమన కాలంలో మా ఇంట్లో మొదటిసారి కొవ్వొత్తుల దండ పెట్టాం. ప్లాస్టిక్ ఆకులది కొందామంటే మా ఆవిడ వద్దంది. గేటు పక్కన వేపమండలు తెంపి ఇత్తడి పళ్లెంలో చుట్టూ పరిచింది. మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒకటి గులాబి. ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగించాలి. గులాబిది మూడో వారం వంతు.

ఆరేళ్ల మా పాప మొదటిరోజే అడిగింది: "నాలుగూ ఉన్నాయి కదా నాన్నా, ఒకేసారి వెలిగిస్తే ఏమైతది?"

ఈ దండ అసలు కతోలికులది కాదు. 1839లో హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన విఖెర్న్ అనే లూథరన్ పాస్టర్, పండుగ ఎప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడంటారు. అదే కథ పాపకు చెప్పాను. ఎదురుచూడటం నేర్చుకోవాలమ్మా అని కూడా అన్నాను. పెద్దరికంగానే అన్నాను.

ఆ రాత్రి పెద్దవూరలో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో దండ చూపించాం.

"మంచిగుంది బిడ్డా. మాకప్పుడు ఇవన్నీ ఎక్కడియి? పిడికెడు బియ్యం తీసేటోళ్లం, అంతే."

నాకు ఆ కుండ గుర్తొచ్చింది. ఈ నాలుగు వారాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. పండుగ ముందురోజు ఆ బియ్యం వేరే ఇంటికి పోయేవి. పక్కనే నాగార్జునసాగర్ ఉన్నా మా చెలకకు ఆకాశమే దిక్కు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వానల్లేక బోరు ఎండిపోయింది. ఇంట్లోకే బియ్యం కొంటున్నాం. ఆ ఏడు కూడా అమ్మ పిడికెడు తీసింది. నేను కోపంతో అన్నం ముందునుంచి లేచిపోయాను. నాయన ఏమీ అనలేదు. అమ్మ మాత్రం మర్నాడు కూడా తీసింది.

ఫోన్ పెట్టేముందు అమ్మ ఎప్పుడూ అడిగేదే అడిగింది: "ఎప్పుడొస్తరు?"

"ఇరవై నాలుగున, రాత్రి పూజకు" అన్నాను. అంతకు ముందు ఏడూ ఇదే మాట చెప్పాను. 2023లో నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబర్ 24నే పడింది. సెలవు రోజే. కానీ ఆ వారం ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ నాది. ఎవరితోనైనా మార్చుకోవచ్చు, నేను అడగలేదు. నాయన పోయాక అమ్మకు అది మొదటి క్రిస్మస్. పక్కింటి పిల్లగాడితో స్టార్ కట్టించుకుని ఒక్కతే పూజకు పోయింది.

ఆగమనం అంటే రావడం. వచ్చేవారి వైపు నుంచి పెట్టిన పేరు అది. ఇంట్లో ఉండి ఎదురుచూసేవాళ్ల పనికి అందులో చోటు లేదు. మా ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో తెలిసి కూడా, నేను ఆరేళ్ల పిల్లకు ఓపిక గురించి పాఠం చెప్పాను.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మూడు గంటల ప్రయాణం, అంతే. పళ్లెం పాప ఒళ్లో ఉంది. వేపాకు దారంతా రాలింది. ఆదివారం సాయంత్రం అమ్మ రెండో కొవ్వొత్తి వెలిగించింది. తర్వాత పాపను వంటింట్లోకి తీసుకుపోయి పిడికెడు బియ్యం తీయించింది. పాప పిడికిట్లో పట్టినవి ఎన్ని గింజలని! అయినా అమ్మ ఇంకొన్ని కలపలేదు. అది పాప లెక్క అంది.

కారు ఎక్కుతుంటే మళ్లీ అడిగింది, "ఎప్పుడొస్తరు?"

"గులాబిదానికి" అంది పాప, నేను నోరు తెరిచేలోపే. ఆ రాత్రి ఇంటికి చేరగానే ఆ ఆదివారం నా డ్యూటీ మార్చమని ఒకతన్ని అడిగాను. సరేనన్నాడు. అడగడానికి రెండు నిమిషాలు పట్టింది.