ఆలేరు ఆసు నుంచి రాయదుర్గం దాకా

ఇక్కత్ చీర మగ్గం ఎక్కేలోపు నూలు ఎన్నో చేతులు మారుతుంది. వాటిలో అన్నిటికంటే కష్టమైన పని ఆసు పోయడం. పేక దారాన్ని రంగు అంటకూడని చోట చిటికి కట్టడానికీ, రంగులు అద్దడానికీ వీలుగా వరసలు వరసలుగా పేర్చుకోవడాన్ని ఆసు పోయడం అంటారు. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల వరస ఒకవైపు, వాటికి ఎదురుగా మరో మేకు ఇంకోవైపు ఉంటాయి. నడుమ దూరం సుమారు మీటరు. ఆ రెండింటి మధ్య దారం పట్టుకున్న చెయ్యి పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు 9,000 సార్లు ఆడాలి, అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే లెక్క 18,000కు చేరుతుంది. పోచంపల్లి, ఆలేరు చుట్టుపక్కల చేనేత ఇళ్లలో తరతరాలుగా ఈ పని ఆడవాళ్ల చేతుల మీదుగానే జరిగింది. భుజం పట్టేయడం, మోచెయ్యి లాగడం, కళ్లు మంటలెత్తడం ఆ ఇళ్లలో జబ్బు లెక్కలోకే రాలేదు.

ఆలేరు హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ మండలంలోని శారాజిపేట చింతకింది మల్లేశం సొంతూరు. బడి చదువు మధ్యలోనే మానేసి మగ్గంలో కూర్చున్న మనిషి ఆయన. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి, ఇక తన వల్ల కాదని అనేంతవరకు ఆ పని చూస్తూ పెరిగారు. 1992 ప్రాంతంలో యంత్రం పని మొదలుపెట్టారు. ఆసులో చెయ్యి చేసే పనిని విడదీస్తే మూడు కదలికలు తేలతాయి. దారం అటూ ఇటూ వెళ్లాలి, మేకు చుట్టూ తిరగాలి, ఆపైన పక్క మేకుకు జరగాలి. మనిషి చెయ్యి ఆలోచించకుండానే మూడూ కలిపి చేసేస్తుంది. అవే కదలికలు చెక్కతో, ఇనుముతో, మోటారుతో చేయించబోతే ఒక్కోటీ ఒక్కో ఏడాదిని మింగింది. అప్పులు పెరిగాయి. ఈ పిచ్చి మానుకోమని ఇంట్లోవాళ్లూ ఊళ్లోవాళ్లూ చెప్పారు.

పని సగంలో ఉండగానే ఆయన బతుకుతెరువు కోసం హైదరాబాద్ చేరి కరెంటు పనులు చేశారు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనికి వెళ్లినప్పుడు, అక్కడి యంత్రంలో ఒక భాగం కదిలే తీరు కంటబడింది. ఆసులో తనకు చిక్కకుండా పోయిన కదలిక అదే. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరు మీదే అది లక్ష్మీ ఆసు యంత్రం అయింది. నాలుగైదు గంటల పనిని గంటన్నరలో ముగిస్తుంది. యంత్రం నడుస్తుండగా మనిషి పక్కనే ఉండి దారం తెగితే అతకాలి, అంతే. ఆ తర్వాత దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణ చేర్చారు. అందుకు కావలసిన చదువు కూడా ఆయన పుస్తకాలు ముందేసుకుని సొంతంగానే చదువుకున్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ పేరుతో సినిమాగా వచ్చింది.

సినిమా చూసినవాళ్లకు ఆ కథ పట్టుదల కథగానే గుర్తుంటుంది. దానికి తక్కువేమీ లేదు. అయితే ఆ యంత్రం ఇంటింటికీ వెళ్లడానికి పట్టుదల ఒక్కటే సరిపోలేదు. చేసింది నేతగాడు కాబట్టి దాన్ని నేతగాడి ఇంట్లోని ఒక మూలకు సరిపడేలా చేశారు. ఆడవాళ్లు ఒంటరిగా నడుపుకోగలరు. చీర రకం మారితే లెక్క ఎలా మారుతుందో చేసినవారికి ముందే తెలుసు. బయటి ఇంజినీరు ఎంత తెలివైనవాడైనా ఈ సంగతులన్నీ అడిగి తెలుసుకోవాల్సిందే. అడగకపోతే యంత్రం పనిచేస్తుంది గానీ ఇంట్లో ఇమడదు.

ఇలాంటి పనివాళ్లను వెతికి పట్టుకునే పని తెలుగునాట పల్లె సృజన సంస్థ చేస్తోంది. సైన్యంలో బ్రిగేడియర్‌గా పదవీ విరమణ చేసిన పోగుల గణేశం దాన్ని 2005లో ప్రారంభించారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడిగా పనిచేసిన అనిల్ గుప్తా నడిపిన హనీబీ నెట్‌వర్క్ దీనికి స్ఫూర్తి. పల్లె సృజనవాళ్ల శోధయాత్రలు కాలినడకన సాగుతాయి. ఊరి నుంచి ఊరికి నడుస్తారు, ఊళ్లోనే తింటారు, పడుకుంటారు, రచ్చబండ దగ్గర అందరినీ పిలిచి మాట్లాడతారు. నడక ఇక్కడ నియమం కోసం పెట్టుకున్నది కాదు. కారులో వచ్చినవాళ్ల దగ్గరికి మాటకారులే వస్తారు. సైకిల్ విడిభాగాలతో కలుపు తీసే పరికరం చేసుకున్న రైతు తాను ఏదో కనిపెట్టానని అనుకోడు. తన పని తాను చేసుకుంటూ చేలోనే ఉంటాడు. ఆ చేను గట్టు మీదుగా వెళ్తేనే అతను కనబడతాడు. ఒక ఊరివాడు చేసినదాన్ని ఇంకో ఊరికి చెప్పడం, పేటెంటుకు దారి చూపడం, అవార్డులకు పేరు పంపడం ఆ తర్వాతి పనులు. తెలంగాణ ప్రభుత్వ ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కూడా ఈ దారిలోదే. పంద్రాగస్టు నాడు జిల్లా కేంద్రాల్లో బడిపిల్లలు, రైతులు, మెకానిక్‌లు తాము చేసినవాటిని బల్లల మీద పెట్టి చూపిస్తారు. జెండా వందనానికి వచ్చిన జనం అలాగే ఆగి ప్రశ్నలు వేస్తారు.

మల్లేశానికి దొరకనిది ఇప్పటి కుర్రవాళ్లకు హైదరాబాద్ రాయదుర్గంలో దొరుకుతోంది. నమూనాలు తయారుచేసుకునే కేంద్రమైన టీ-వర్క్స్ భవనం అక్కడ 2023 మార్చి 2న ప్రారంభమైంది. విస్తీర్ణం 78,000 చదరపు అడుగులు. స్టార్టప్‌ల కోసం 2022 జూన్‌లో తెరిచిన టీ-హబ్ కొత్త భవనం పక్కనే ఉంది. టీ-హబ్‌లో ఎక్కువగా కంప్యూటర్ల ముందు జరిగే పని కనిపిస్తుంది. టీ-వర్క్స్‌లో లోహం కోసే చప్పుడు, చెక్కపొట్టు, టంకం వాసన ఉంటాయి. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సీఎన్‌సీ యంత్రాలు, వెల్డింగ్, సర్క్యూట్ బోర్డుల తయారీ, వడ్రంగం, కుండల పని అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. భవనం తయారు కాకముందే, 2020లో కొవిడ్ కాలంలో, ఇక్కడి బృందం మరికొన్ని కంపెనీలతో కలిసి వెంటిలేటర్ నమూనా రూపొందించింది.

ఇంతటి చోటు ఎందుకు కావాలో ఒక ప్లాస్టిక్ మూత ఉదాహరణతో తెలుస్తుంది. పెద్ద ఎత్తున మూతలు పోయాలంటే ముందు అచ్చు కావాలి. ఆ అచ్చుకే లక్షల్లో ఖర్చవుతుంది. అచ్చు పోశాక మూత రెండు మిల్లీమీటర్లు బిగుతుగా వచ్చిందని తెలిస్తే డబ్బు నేలపాలు. త్రీడీ ప్రింటర్‌లో అదే మూత కొన్ని గంటల్లో చేతికొస్తుంది. బిగించి చూడవచ్చు, కొలత మార్చి మళ్లీ తీయవచ్చు. పదిసార్లు తప్పినా పెద్ద నష్టం ఉండదు. మల్లేశం ఏళ్ల తరబడి చెక్క చట్రం మీద చేసిన సవరణలు ఇక్కడ వారాల్లో జరిగిపోతాయి.

నమూనా పనిచేయడమే గెలుపు అనుకోవడం ఈ రంగంలో పెద్ద భ్రమ. ఒకటి చేయడం వేరు, నూరు చేయడం వేరు. నూరింటికీ ఒకే నాణ్యత కావాలి, విడిభాగాలు దొరకాలి, ఆలేరులో చెడిపోతే ఆలేరులోనే బాగుచేసేవాడు ఉండాలి. కొనేవాడు ముందే మొత్తం చెల్లించలేడు, చేసేవాడు అరువిచ్చి ఆగలేడు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు పరికరాలు తయారుచేసే యువకుల పనులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. బహుమతుల కంటే వాళ్లకు ముందుగా కావలసింది మొదటి పాతిక మంది కొనుగోలుదారులు. ప్రభుత్వ శాఖలు, సహకార సంఘాలు ఆ పాతిక మందిలో చేరితే చాలా యంత్రాలు షోకేసుల్లోంచి బయటపడతాయి.

ఆసు తగ్గినా చేనేత ఇళ్లలో ఒళ్లు హూనం చేసే పనులు అయిపోలేదు. చిటికి కట్టడం ఇప్పటికీ చేతిపనే. డిజైన్ గీతలు చూసుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలు చుట్టి, వేలి కొసలతో బిగించాలి. రంగు మారినప్పుడల్లా కొన్నింటిని విప్పి, వేరేచోట మళ్లీ కట్టాలి. మెడ వంచుకుని గంటల కొద్దీ కూర్చోవాలి. రాయదుర్గంలో యంత్రాల మధ్య తిరిగే ఇంజినీర్లు, విద్యార్థులు కొత్త ఆలోచన కోసం వెతుకుతుంటే ఒకరోజు ఆలేరుకో పోచంపల్లికో వెళ్లి, చిటికి కట్టే మనిషి పక్కన కూర్చోవాలి. ఏది యంత్రానికి వదలాలో, ఏది తన చేతిలోనే ఉంచుకోవాలో ఆ మనిషినే అడగాలి.