సర్కారు తుమ్మ

పిత్రార్జితముగ నాకు సంక్రమించిన మెట్టచేని గట్లనెల్ల సర్కారు తుమ్మ యాక్రమించుకొని యుండెను. ఈ చెట్టు మన దేశపుది కాదు. 1877లో, ధాతకరువు నాళ్లలో, జమైకానుండి వచ్చిన విత్తనములను మా కడప మండలమందలి కమలాపురమున నాటిరి. దొరతనమువారు తెప్పించినది గనుకనే కాబోలు దానికాపేరు!

దీనిని నరికినంతమాత్రమున చావదు. మొదలు మిగిలెనేని యొక్క కొమ్మకు మాఱు పది కొమ్మలు లేచును. జానెడు పైబడిన లోతున త్రవ్వి మొదటిగడ్డను పెకలింపవలయును. అదియు కాయలు ముదురకమునుపే చేయవలయును. తియ్యని యా కాయలను మేకలును పశువులును తినును. గింజ చెడక పేడతోబడి మొలచును.

ఇట్లు రెండేండ్లు కూలివాండ్రతో నేనును గడ్డపాఱ పట్టి చేను బాగుచేసితిని. కాని గట్టునకావలి భూమి పట్టణవాసి యగు నొక భూస్వామిది. ఆయన యటు తొంగిచూచి యెన్నియేండ్లయ్యెనో! ఎవరి భూమి వారి యిష్టమందురు. ఆ యిష్టము పొరుగువాని చేనిలో మొలచునప్పుడో?

ఇంతలో ఊరిచివరి ముసలమ్మ యొకతె వచ్చి, "అన్నీ పెరికేస్తే మేమేం పెట్టి వండుకోవాల సామీ?" అని యడిగినది. ఇంట గ్యాసుబండ యున్నదట. నింపించుటకు రూకలు లేవట. చెట్టును తిట్టుచున్న నాకు ఆమె పొయ్యి తోచనేలేదు. పెకలించిన కట్టెనంతయు ఆమెకే విడిచితిని. అది యెన్నినాళ్లకు వచ్చును? గట్టుపై వేపయు కానుగయు నాటితిని గాని యవి కొమ్మ నఱకనిచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవఱకు ఒక మూల నాలుగు తుమ్మలను కాయ నిలువనీయక యామెకై యుంచితిని. పట్టణపు భూస్వామికి మాత్రము మఱియొక జాబు వ్రాయవలసియున్నది.