అడ్డాకులో పిడికెడు

2025 జూన్ 29న ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగములో, భద్రాచలము స్త్రీలు చిరుధాన్యములతో చేయుచున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కట్లు హైదరాబాదు మొదలుకొని లండను వరకు పోవుచున్నవని చెప్పిన నాటి నుండియు, ఒకప్పుడు పొలములలో కూలికి వంగిన ఆ చేతులను గూర్చి వ్రాయింపవలెనని మా సంపాదకునికి పట్టుదల కలిగినది. అయితే నేను పోయినది పేరుపొందిన ఆ కేంద్రమునకు గాదు. దాని వృద్ధిని చూచి ధైర్యము తెచ్చుకొని, దుమ్ముగూడెము పోవు దారిలో ఒక కోయగూడెమునకు చేరువగా, కొందరు స్త్రీలు రేకుల కప్పు క్రింద నడుపుకొనుచున్న చిన్న పనిశాలకు. ఖమ్మములో పిల్లలకు చదువుచెప్పు మా పెద్దమ్మ కూతురు నాతో బయలుదేరినది. జొన్న బిస్కట్లన్న మాట విన్నంతనే, “బెల్లం లేకుండా చేసిస్తారేమో అడుగుదాం తమ్ముడూ, నేనూ వస్తా” అన్నది.

అక్కకు తొమ్మిదేండ్ల క్రిందట హైదరాబాదులో బరువు తగ్గుటకై బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. 1960ల నడుమ అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ఆరంభించిన ఈ పద్ధతి పిమ్మట పలువురి చేతులలో మారి నేటి రూపమును పొందినది. జీర్ణకోశపు పైభాగమున 30 మిల్లీలీటర్లకు అటునిటుగా పట్టు చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నప్రేగులో కొంత దిగువకు కలిపివేయుదురు. తిన్నది తక్కిన జీర్ణకోశమును గాని ప్రేగు తొలిభాగమును గాని తాకకయే దిగిపోవును. నాలుగు ముద్దలకే కడుపు నిండుట దీని లాభము. ఇనుము, సున్నము మన దేహమున ఇంకునది ముఖ్యముగా ఆ తప్పించిన ప్రేగుభాగముననే గనుక, బి12 ఇంకుటకు జీర్ణకోశపు రసములు అవసరము గనుక, ఈ మూటిని బ్రతికినంతకాలము మాత్రలుగానో సూదిమందుగానో పుచ్చుకొనవలసి వచ్చుట దీని ఋణము. తీపి ఎక్కువగా తిన్నచో అది ఒక్కుమ్మడిగా ప్రేగులోనికి దూకి, అరగంటలోపల గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనములు కలిగించును. రెండు మూడు గంటల పిమ్మట రక్తములోని చక్కెర పడిపోయి కండ్లు తిరుగుటయు గలదు.

ఇవి అన్నియు చికిత్సకు ముందే చెప్పబడును. చెప్పబడనిది, లేక చెప్పబడినను ఆనాటి ఆశలో చెవికెక్కనిది, తరువాతి సంవత్సరముల సంగతి. మొదటి ఏడాదియో రెండేండ్లో ఆకలి మందగించి యుండును, బరువు దానంతట అదియే దిగుచుండును, చూచినవారెల్ల మెచ్చుకొందురు. ఆ పిమ్మట ఆకలి మెల్లగా తిరిగి వచ్చును. స్వీడను దేశమున 1987లో మొదలైన సుదీర్ఘ పరిశీలనలో, బైపాస్ చేయించుకొన్నవారు మొదటి ఒకటి రెండేండ్లలో తమ బరువులో సగటున 32 శాతము కోల్పోయి, పదియవ ఏటికి 25 శాతము వద్ద నిలిచిరి. ఇది సామాన్యమైన మేలు గాదు. కాని ఆ నడుమ తిరిగివచ్చిన ఏడు శాతమునే మన బంధువర్గము చూచును. “అంత డబ్బు పోసి కోయించుకొని మళ్ళీ ఒళ్ళు చేసిందట” అను మాటను అక్క ఎన్ని పెండ్లిండ్లలో వినలేదు! దేహము తన పూర్వభారమును వెదకుకొనుట దేహధర్మము. దానిని మనిషి దోషముగా ఎంచువారిమీద నాకు కోపము వచ్చును.

పనిశాలలో నన్ను పట్టి నిలిపినది ఒక నడివయసు స్త్రీ పనితనము. పేరు వ్రాయవద్దన్నది గనుక వ్రాయను. ఆమె జొన్నపిండిని ఇనుప మూకుడులో వేయించునప్పుడు గరిటెకన్న అరచేతినే ఎక్కువగా నమ్మినది. మాటిమాటికి ఆ చేతిని పిండికి బెత్తెడెత్తున నిలిపి ఆవిరిని చూచి, పచ్చివాసన పోయినదని నాకు తెలియకమునుపే మూకుడు దించినది. జొన్నపిండికి గోధుమకున్న సాగుడు లేదు. గట్టిగా ఒత్తితే పగులును, ఉపేక్షించితే రాలును. ఆమె వెన్నయు బెల్లపు పొడియు కలిపి, వ్రేళ్ళ కొసలతో నీరు చిలకరించి, ముద్దను అదిమి వదలి, మరల అదిమి, అచ్చుతో కోసిన ప్రతి బిళ్ళ అంచును బొటనవ్రేలి కణుపుతో మూసివేసినది. ఒక్క బిళ్ళయైనను చెదరలేదు. ఎవరు నేర్పిరని అడిగితే, శిక్షణ ఇచ్చినవారిని తలచుకొని, “వాళ్ళు పొయ్యి మంట, కొలతలు చెప్పిన్రు సారూ. పిండి సంగతి మాకెవరు చెప్పాలె? మా అమ్మ గటక కెలుకుతుంటే పక్కన కూసున్నోళ్ళమే గద” అన్నది. ఎన్ని తరముల జొన్న ఆ వ్రేళ్ళలో నిలిచి యున్నదో అనుకొంటిని.

పొట్లములు తూచుచున్న మరియొక స్త్రీ తన తోడిదానితో చెప్పుచున్న మాట అప్పుడే చెవిని బడినది. “బెల్లం తక్కువేస్తే ఎవరు కొంటున్నరే? మొదట్ల తక్కువే ఏసినం. సప్పగున్నయని తిరిగొచ్చినయి. ఇప్పుడు ఎంత తీపి ఉంటే అంత పోతున్నయి.” రుచి చూడుమని ఇచ్చిన బిళ్ళను చేత బట్టుకొని యున్న అక్క, ఆ మాట విని, దానిని నా చేతిలో పెట్టినది.

బెల్లము మాత్రమే గాదు కారణము. ఏండ్లు గడచినవారి బాధ ఇట్టి తినుబండారములతోనే యని అక్క నాకు పనిశాల వెలుపల వేపచెట్టు క్రింద వివరముగా చెప్పినది. కరకరలాడు బిస్కట్లు, మురుకులు, మిక్చరు నోటిలో తడిసి మెత్తబడి, ఆ చిన్న సంచిలో నిలువక జారిపోవును. ముద్దపప్పునో కోడిగ్రుడ్డునో నాలుగు ముద్దలకు నిలిపివేయు కడుపు, టీలో ముంచిన బిస్కట్లను పొట్లము తుదిదాక అడ్డగింపదు. శస్త్రచికిత్స మూసిన వీధితలుపునకు ఇది దొడ్డిదారి. ధాన్యము జొన్నయైనను రాగియైనను ఈ నియమము మారదు. చిరుధాన్యమన్న పేరు చూచి ధైర్యముగా తినువారు తినుచునే బరువు పెరుగుచుందురు, ఎందుకు పెరుగుచున్నారో తెలియక తమను తామే నిందించుకొందురు.

మధ్యాహ్నము ఆ స్త్రీలు మమ్ములను భోజనమునకు కూర్చుండబెట్టిరి. ఇప్పపూలు రాలు కాలము. గూడెపు వాకిండ్లలో చాపలమీద పూలు ఎండుచున్నవి, గాలియంతయు ఆ మత్తైన తీపి వాసన. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగమునకు పైగా చక్కెరయే గనుక దాని జోలికి అక్క పోలేదు. దానితో కాచు సారా సంగతి ఇక చెప్పనక్కరలేదు. బైపాసైన కడుపునుండి మద్యము బహుశీఘ్రముగా రక్తమున కలియును. చికిత్స జరిగిన రెండవ ఏటినుండి కొందరు క్రొత్తగా త్రాగుడుకు లోబడుట వైద్యులు ఎరిగినదే. ఈ సీమ మగవారికి ఈ మాట విప్పి చెప్పువారు ఉండవలెను.

అడ్డాకులలో సన్నబియ్యపు అన్నము, చింతచిగురుతో వండిన ఎండుచేపల కూర, ఉలవ గుగ్గిళ్ళు వడ్డించిరి. అక్క నీళ్ళచెంబును ప్రక్కకు జరిపినది. భోజనముతో నీరు త్రాగిన సంచి వెంటనే ఖాళీయగును గనుక ఆమె అరగంట ఆగి త్రాగును. మొదట చేప, పిదప గుగ్గిళ్ళు, కడపట రెండు వ్రేళ్ళకందినంత అన్నము, అదియు నలిగి నలిగి పాలైనదాక నమలి, మేమందరము లేచిన తరువాత కూడ ఆమె తినుచునే యున్నది. ఆకులో మొత్తము పిడికెడు. జొన్నపిండి వేయించిన ఆ స్త్రీ, “ఇంతేనా అమ్మా?” అని ఒక్కసారి అడిగినది. “కడుపుకు ఆపరేషను అయ్యింది, ఇంతే పడుతుంది” అని అక్క చెప్పగా, ఆమె మరల బలవంతము చేయలేదు. మిగిలిన గుగ్గిళ్ళను వేరొక ఆకులో మడిచి పుల్ల గ్రుచ్చి, “గంటాగి తినుర్రి” అని చేతికిచ్చినది. తొమ్మిదేండ్లలో ఏ చుట్టముల ఇంటను ఈ మాట వినలేదని అక్క అన్నప్పుడు ఆమె గొంతు కొంచెము మారినది.

మన బంతిభోజనములలో కొసరి కొసరి వడ్డించుట గొప్ప గౌరవము. దానిని నేను తక్కువ చేయను. కాని “మా ఇంట ఇంకొక ముద్ద తినకపోతే మమ్ములను కాదన్నట్లే” అని చేయి పట్టుకొనువారికి, ఆ ముద్ద ఎదుటిమనిషి రొమ్ములో అడ్డుపడి వాంతియగునని తెలియదు. వాంతులు ఆగకపోయినచో బి1 తరిగి నరములకే హాని కలుగవచ్చునని అసలే తెలియదు. కోయ స్త్రీ ఒక్క ప్రశ్నతో గ్రహించినదానిని మనము నేర్చుకొనలేమా?

ఆ ఆకులోని గుగ్గిళ్ళను చూచినప్పుడు నాకు ఇంకొక బాధ కలిగినది. నూరు గ్రాముల ఉలవలలో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు గలవు. బియ్యములో ఎనిమిదికి మించవు. అక్కవంటివారికి దినమునకు కనీసము 60 గ్రాములు కావలెను. అవి ఉలవలలో, బొబ్బర్లలో, నాటుకోడి గ్రుడ్డులో, గోదావరి చేపలో ఇచ్చటనే యున్నవి. అయినను ఆసుపత్రి వదలునాడు ఆమె చేతికిచ్చిన కాగితములో వ్రాసి యున్నది ఓట్సు, బ్రోకలీ, డబ్బాలో వచ్చు ప్రొటీను పొడి. ఉలవ లేదు, చింతచిగురు లేదు, అంబలి త్రాగవచ్చునో కూడదో లేదు. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నమున్నను, మాంసకృత్తులు ఏడు గ్రాములే గనుక, అంబలి పలుచగా జారిపోవును గనుక, దానినే భోజనమనుకొనరాదని ఆమె తనంత తానుగా దెబ్బతిని తెలిసికొన్నది. 1918లో కూనూరులో పుట్టి హైదరాబాదుకు వచ్చి స్థిరపడిన జాతీయ పోషకాహార సంస్థ, 2017లో 528 ఆహారపదార్థముల సారమును కొలిచి పట్టికలుగా అచ్చువేసినది. తెలివికి కొరత లేదు. దానిని తెలుగులో, మన మూకుళ్ళ పేర్లతో, మన ముద్దల కొలతతో, శస్త్రచికిత్స దాటినవారి వంటయింటికి చేర్చు ఓపికకు కొరత. కోతకు ముందు పిలిచి పిలిచి మాటలాడువారు అయిదవ ఏట ఒక్కసారియైన పలుకరింతురా? ఏడాదికొకసారి రక్తపరీక్ష బ్రతుకంతయు చేయించుకొనవలెనని వైద్యసంఘములే చెప్పుచుండగా, చర్ల నుండియు దుమ్ముగూడెము నుండియు ఒక మనిషి దానికై ఎంత దూరము పోవలెను?

బిస్కట్లు చేయు ఆ స్త్రీలనే మీ ఇండ్లలో జొన్న తినుచున్నారా యని అడిగితిని. “జొన్న ఏడుంది సారూ, చేన్లన్నీ పత్తే, లేకుంటే జామాయిలే. తినేది కంట్రోలు బియ్యమే” అన్నారు. 2025 ఉగాదినాడు ప్రభుత్వము రేషనులో సన్నబియ్యమును ఆరంభించినది. ఆకలి ఎరిగిన ఇండ్లకు మనిషికి నెలకు ఆరు కిలోల మంచి బియ్యము వచ్చుటను నేను మనసార మెచ్చుకొందును. కాని ఒకప్పుడు పోడుచేలలో పండిన కొర్ర, సామ, జొన్న వండినవారి కంచమును విడిచి, బెల్లముతో కలిసి పొట్లములలో పట్టణమునకు పోవుచున్నవి. అక్కడ వానిని మందుగా భావించి కొనువారికి అవి మిఠాయిగా చేరుచున్నవి. గూడెములో ధాన్యము పోయినది, పట్టణములో దానిని తిను పద్ధతి పోయినది. ఆ ఉలవలను రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఉప్పు మాత్రము వేసి, ఆకులో మడిచి అమ్మినచో కొనువారు లేరా యని నేనడిగితే, అవి రెండవ పూటకే పాసిపోవునని, అంగడివాడు నిలువయుండు సరుకునే అడుగుచున్నాడని వారు చెప్పిరి.

తిరుగు దారిలో వంతెన దాటి సారపాక, పాల్వంచల మీదుగా వచ్చునప్పుడు, అక్క తన దినచర్యను నాచేత వ్రాయించినది. ఉదయము ఒక గ్రుడ్డు, రెండు గంటల పిమ్మట గ్లాసెడు మజ్జిగ, మధ్యాహ్నము చేపయో పప్పో ముందు, ఆకుకూర, చివర అన్నము, సాయంత్రము గుగ్గిళ్ళు, ఇనుపమాత్ర ఒక పూట, సున్నపుమాత్ర వేరొక పూట, రెంటికి నడుమ రెండు గంటల ఎడము, ఇనుపమాత్రతో టీ వద్దు, ఏటేట రక్తపరీక్ష. నేను కాగితము మడవబోవుచుండగా ఆపి, “ఉలవలు ముందు రాత్రే నానబెట్టాలని కూడా వెయ్యి. పొద్దున గుర్తొస్తే లాభం లేదు, అప్పుడే చెయ్యి బిస్కట్ల డబ్బా మీదికి పోతుంది” అన్నది.