పర్దా వెనక పని

డ్రెస్సర్ అంటే ఏం పని అని మా మొహల్లాలో ఎవరడిగినా నేను ఒకటే చెప్తాను. పెళ్లింట్లో దుల్హన్‌ని తయారుచేసే ఆపా లాంటిదే. కాకపోతే ఇక్కడ దుల్హన్ ఐదు నిమిషాలకోసారి మారిపోతుంది, పైగా నెత్తిమీద ఒకరు నిలబడి "జల్దీ జల్దీ" అని అరుస్తుంటారు.

పోయిన చలికాలంలో హైదరాబాద్‌లో ఒక డిజైన్ కాలేజీ పిల్లలు ఫ్యాషన్ షో పెట్టారు. మా ఖాలా కూతురు అక్కడే చదువుతోంది. "ఆపా, చివర్లో నాలుగు ఖడా దుపట్టాలున్నాయి. కట్టడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు" అంది ఫోన్లో. పైసల్లేవు. ఒక పూట బిర్యానీ, ఒక సర్టిఫికెట్. మేరేకు సర్టిఫికెట్ కాయ్‌కు? అయినా పోయాను. మా నానీమా చేతిలో నేర్చుకున్న హునర్ కావాలని ఎవరో అడగడమే నాకు బహుత్ ఖుషీ.

స్టేజీ వెనక పనిచేసేవాళ్లు నల్ల బట్టలే వేసుకోవాలట, తెర కదిలినా జనానికి కనబడకుండా. నా నల్ల కుర్తా, నల్ల హిజాబ్ చూసి ఇన్‌చార్జి పిల్ల "పర్ఫెక్ట్" అంది. నా లిబాస్ మీద ఎవరూ ఒక్క సవాల్ కూడా వేయని దినం అది. ఉంగరాలు, గాజులు మాత్రం తీయించారు. జరీకి తగిలితే పోగు లేచొస్తుంది మరి.

ఒక్కో మోడల్‌కి ఒక్కో ర్యాక్. హ్యాంగర్లు వరసలో, ప్రతి హ్యాంగర్‌కి ఫొటో ఉన్న చీటీ, కింద అదే వరసలో చెప్పులు, పక్కన జేవర్ సంచి. అమ్మాయి ర్యాంప్ మీద ఉండగానే తర్వాతి జోడా హుక్కులు, బొత్తాలు, చెప్పుల పట్టీలు అన్నీ విప్పి పెట్టుకోవాలి. కుర్తా తలమీంచి వేసేటప్పుడు ముఖం మీద పల్చటి రుమాల్ కప్పాలి, లేకపోతే లిప్‌స్టిక్ అంతా బట్టకే. చెప్పుల అడుగున టేప్ అంటిస్తారు, గీతలు పడకుండా. నా జేబులో పిన్నీసులు, రెండు వైపులా అంటే టేపు, కత్తెర, ముందే దారం ఎక్కించిన సూదులు. ఒక్కో మార్పుకి నిమిషం, మహా అయితే నిమిషంన్నర.

ఖడా దుపట్టా ఆ లెక్కలో ఇమడదు. చూడీదార్ పైజామా, కుర్తా, చోలీ, వాటిమీద ఆరు గజాల దుపట్టా. మనిషి నిలబడి ఉండగానే కుచ్చిళ్లు పోసి, భుజాల దగ్గర నిలబెట్టి, అంచు నేలకి సమంగా జారేలా సర్దాలి. పిన్ను జరీలో దిగకూడదు, లోపలి కుట్టులో దిగాలి. తర్వాత టీకా, ఎడమవైపు ఝూమర్, కరన్‌ఫూల్, ఏడు పేటల సత్‌లడా. దుపట్టాల మీద పనంతా కార్చోబ్. మన తెలుగులో మగ్గం వర్క్ అంటారు గానీ, నేసే మగ్గం కాదది. చెక్క చట్రానికి బట్ట బిగించి, చుట్టూ నేలమీద కూర్చుని, సల్మా సితారా ఒక్కొక్కటే కుట్టే పని. మా మామూ ముప్పై ఏళ్లు అదే చేసి కళ్లు పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి మైకులో డిజైనర్ల పేర్లు చదివారు, మేకప్ కంపెనీ పేరు మూడుసార్లు చదివారు. కారీగర్‌ల పేర్లు ఆ కాగితంలో లేవు.

నాకిచ్చిన ఇద్దరిలో ఒక పిల్లకి పంతొమ్మిదేళ్లుంటాయి. మొదటిసారి. చేతులు మంచులా ఉన్నాయి. బట్టలు మార్చుకునేది ఒక పెద్ద హాలు, మధ్యలో ఏ అడ్డూ లేదు. ఇస్త్రీ అబ్బాయిలు, లైట్ల వాళ్లు, అందరూ అందులోంచే. అప్పుడే కెమెరాతో ఒకాయన లోపలికొచ్చాడు. పిల్ల రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

నేను బట్టలమీద కప్పిన దుప్పటి లాగి ఆమె ముందు పట్టాను. "భాయ్, బయటికి నడవండి."

"బ్యాక్‌స్టేజ్ షాట్స్ మేడమ్. మోడల్స్‌కి ఇదంతా అలవాటే."

"ఈ పిల్లకి అలవాటు లేదు. ఉన్నా, అడిగారా?"

ఆయన పోయి కాలేజీ మేడమ్‌ని పిలుచుకొచ్చాడు. మీడియా వాళ్లతో గొడవ పెట్టుకోవద్దని, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చని ఆమె నాతో అంది. గొంతు పెంచలేదు, కానీ అందరి ముందూ అంది. నా చెవులు వేడెక్కాయి. ఖాలా కూతురు మార్కులు ఈమె చేతిలోనే అన్న ఫికర్ కూడా ఉంది నాకు.

"సరే మేడమ్, వెళ్తాను. చివరి నాలుగు ఖడా దుపట్టాలు మీరు కట్టించుకోండి" అన్నాను.

ఆమె గడియారం చూసింది. ర్యాక్ చూసింది. రెండు నిమిషాల్లో బల్లలు నిలబెట్టి, పాత స్టేజీ కర్టెన్ వాటికి కట్టించింది. కెమెరా ఆయన ఆ కర్టెన్‌కి అవతలే ఉండిపోయాడు. చూస్తుండగానే మిగతా అమ్మాయిలు కూడా ఒక్కొక్కరే హ్యాంగర్లు పట్టుకుని మా వైపు వచ్చేశారు. పొట్టి గౌన్లేసుకునే పిల్లలు, పది షోలు చేసిన పిల్లలు. పర్దా గురించి నాకు లెక్చర్ ఇచ్చినవాళ్లు రెండు వైపులా ఉన్నారు, మావాళ్లూ బయటివాళ్లూ. తనని ఎవరు, ఎప్పుడు చూడాలో లోపలున్న ఆడపిల్ల తేల్చుకోవాలన్న మాట మాత్రం వాళ్లలో ఎవరి నోటా వినలేదు నేను.

నాలుగు దుపట్టాలూ టైముకి ర్యాంప్ ఎక్కాయి. చప్పట్లు వినబడ్డాయి. చూడ్డానికి నాకు తీరిక లేదు, చేతిలో ఇంకో ఝూమర్ ఉంది.

షో అయ్యాక జేవర్ లెక్క. ఒక కరన్‌ఫూల్ తగ్గింది. పావుగంట అందరం నేలమీద పాకాం. చివరికి దుపట్టా జాలీలోనే ఇరుక్కుని దొరికింది, అల్హమ్దులిల్లాహ్. సంతకం పెట్టి లేస్తుంటే ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ముఖం కూడా కడుక్కోకుండా వచ్చింది.

"ఆపా, ఇది కట్టడం నాకు నేర్పుతారా? మా అక్క పెళ్లుంది."

అసలు దుపట్టాలు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఆ దుప్పటితోనే మొదలుపెట్టాం. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి భుజం దగ్గర కుచ్చిళ్లు నిలబడ్డాయి. ఇషా అజాన్ అయ్యి చాలాసేపయింది. ఆటో మాట్లాడి పెట్టిన ఖాలా కూతురు గేటు దగ్గర్నుంచి కేకలేస్తోంది.