మద్దెల నిజంగానే ఓడైతే?

తుపాకి అనగానే మనవాళ్ళ మొహాలు మారిపోతాయి. మా అమ్మాయి ఏ ఆట ఆడుతోందని ఎవరైనా అడిగినప్పుడు "రైఫిల్ షూటింగ్" అని చెబితే, అడిగినవారు ఒక క్షణం ఆగి, "మరి సంగీతం నేర్పించటం లేదా?" అంటారు. ఈ దేశంలో రోజూ వినే వార్తలు తలుచుకుంటే వారిని తప్పు పట్టటానికి లేదు. అందుకని ముందుగా ఈ ఆట సంగతి రెండు ముక్కలు చెప్పి, తరవాత మా ఇంట్లో వచ్చిన చిక్కు గురించి చెబుతాము.

ఇది మందుగుండు తుపాకి కాదు, గాలి తుపాకి. తిరునాళ్ళలోనూ, విశాఖపట్నం బీచి రోడ్డు మీదా బుడగలు కొట్టించే తుపాకి మీకు గుర్తుంది గదా, దానికి ఇది బాగా చదువుకున్న మనుమరాలు అనుకోండి. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు. పది మీటర్ల దూరంలో అట్టముక్క మీద గుండ్రటి గీతలు. ఒక్కొక్క గీతకీ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. నట్టనడుమ ఉన్న పది పాయింట్ల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు, అంటే ఆవగింజ కన్నా చిన్నది. తుపాకి బరువు అయిదున్నర కిలోలు మించకూడదు. 1984 లాస్ ఏంజెలిస్ నుంచి ఒలింపిక్సులో ఉన్న ఆట ఇది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2003లో అదే ఊళ్ళో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం, 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చింది ఇందులోనే.

మేము ఉండేది రెడ్‌మండ్‌లో. వేసవిలో మారిమూర్ పార్కు నిండా పిల్లలే. నవంబరు వచ్చిందంటే ముసురు పట్టుకుంటుంది, డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి. నాలుగు గోడల మధ్య ఆడే ఆట ఏదైనా ఉంటే బాగుండునని వెతుకుతుంటే, స్నేహితురాలితో పాటు ఈ క్లబ్బుకి వెళ్ళి మా అమ్మాయి ఇదే కావాలంది. పన్నెండేళ్ళ పిల్ల, ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోనిది, అక్కడ గంటసేపు స్తంభంలా నిలబడటం చూసి మేమిద్దరం సరే అన్నాము. వాడిన తుపాకి ఒకటి కొన్నాము.

ఏడాది పాటు బాగానే నడిచింది. అయిదు గుండ్లు కొడితే అయిదు రంధ్రాలూ ఒక డైము కింద దాగేవి. పది గుండ్లకి తొంభై నాలుగు, తొంభై అయిదు వచ్చేవి. శీతాకాలం మధ్యలో ఏమయిందో, రంధ్రాలు క్వార్టరు కింద కూడా దాగటం మానేశాయి. తొంభై నాలుగు కాస్తా ఎనభై ఎనిమిది అయింది. ఆమె మరింత సేపు సాధన చేసింది, ఇంకా తగ్గింది. ఆ రోజుల్లోనే ఇండియా నుంచి ఫోనులో మాట్లాడుతూ, "తుపాకిలోనే ఏదో ఉందేమో తాతయ్యా" అని ఆమె అంటే, వాళ్ళ తాతయ్య నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడన్నదిట వెనకటికి ఎవరో" అన్నారు. ఆయన సరదాకి అన్నమాటే. కాని ఆ సామెత అర్థం విడమరచి చెప్పించుకుని మా అమ్మాయి ఆ రాత్రి, "అయితే నాకే చేతకావటం లేదు. మార్చి తరవాత మానేస్తాను" అంది.

మానేస్తే మానెయ్యవచ్చు, ఆటే గదా. కాని తనకు చేతకాదని నమ్మి మానెయ్యటం వేరు. ఆ నమ్మకం ఆటతో ఆగదు. లెక్కల్లోకి వస్తుంది, స్నేహాల్లోకి వస్తుంది. అందుకని ఆమెతో ఒక ఒప్పందం చేసుకున్నాము: మానెయ్యటం గురించి మార్చిలోనే మాట్లాడుకుందాం, ఈలోగా మద్దెల ఓడో కాదో పరీక్ష చేసి తేల్చుకుందాం.

మాలో ఒకరిది వైద్యం, ఇంకొకరిది కంప్యూటర్లు. రెండు వృత్తుల్లోనూ పెద్దలు చెప్పేది ఒకటే: ఒకసారికి ఒకటే మార్చు. జ్వరం వచ్చిన రోగికి ఒకే పూట నాలుగు మందులిస్తే జ్వరం తగ్గవచ్చు, దేనితో తగ్గిందో మాత్రం తెలియదు. విశాఖపట్నం కె.జి.హెచ్. వార్డుల్లో మాకు నేర్పిన వరస కూడా ఇదే. ముందు రోగి చెప్పేది పూర్తిగా విను. తరవాత చూడు, తాకు, తట్టు, ఆలకించు. ఆ తరవాతే పరీక్షలకి రాయి.

వినటంతో మొదలుపెట్టాము. ఎప్పటి నుంచి? క్రిస్మస్ సెలవుల తరవాత. హఠాత్తుగానా, మెల్లమెల్లగానా? మెల్లగా. గుండ్లు నిలువుగా చెదురుతున్నాయా, అడ్డంగానా? పాత అట్టలు తీసి చూస్తే రెండు విధాలుగానూ, అడ్డంగా కొంచెం ఎక్కువ. పాత అట్టలు పారెయ్యకుండా, తారీకులు వేసి దాచుకున్నది ఆమే. రోగి తన పాత రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని వస్తే డాక్టరుకి ఎంత ఆనందమో మాకు తెలుసు!

ఇక అనుమానాలు వరసగా రాసుకున్నాము. గుండ్లు, గొట్టం, గాలి, మరలు, సైట్లు, చివరగా మనిషి. మొదటి మూడింటినీ ఒకే పరీక్షతో తేల్చవచ్చునని క్లబ్బులో శిక్షకుడు చెప్పాడు. తుపాకిని బల్లకి బిగించిన వైసులో కదలకుండా పట్టించి, మనిషి చెయ్యి తగలకుండా, సైటు చూడకుండా, ఒకే చోటికి పది గుండ్లు కొట్టటం. అయిదు చాలవు, అయిదు గుండ్లు ఒకే చోట పడటం అదృష్టం వల్ల కూడా జరుగుతుంది. పది కొట్టాము. మరొక డబ్బాలో గుండ్లతో మరొక పది కొట్టాము. రెండుసార్లూ పది గుండ్లకీ కలిపి ఒకే రంధ్రం, అదీ గుండు కంటే కొంచెమే పెద్దది. అంటే గుండ్లు మంచివే, గొట్టం మంచిదే.

గాలి సంగతి కూడా విడిగా చూశాము. ఈ తుపాకిలో సుమారు 200 బార్ల ఒత్తిడితో నింపిన సిలిండరు ఉంటుంది. మన గ్యాసు పొయ్యికి ఉన్నట్టే దీనికీ ఒక రెగ్యులేటరు; ప్రతిసారీ సమానంగా గాలి వదలటం దాని పని. అది పాడయితే గుండు వేగం మారుతుంది, గుండు పైకీ కిందికీ పోతుంది. లెక్క వేసి చూడండి. సెకండుకి 170 మీటర్ల వేగంతో వెళ్ళే గుండు పది మీటర్లు దాటేసరికి భూమ్యాకర్షణ వల్ల సుమారు 17 మిల్లీమీటర్లు దిగుతుంది. వేగం నూటికి అయిదు వంతులు తగ్గితే మరొక ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే ముప్పాతిక పాయింటు వరకూ పోతుంది. వేగం కొలిచే యంత్రం పెట్టి చూస్తే మాకు వచ్చిన తేడా సెకండుకి రెండు మీటర్లే. దానివల్ల అర మిల్లీమీటరు కూడా మారదు. గాలి నిర్దోషి.

మిగిలినవి మరలు, సైట్లు, మనిషి. ఇక్కడే చాలామంది "సరే, యంత్రం బాగుంది, కాబట్టి పిల్లదే లోపం" అని ఫైలు మూసేస్తారు. వైసులో బిగించినప్పుడు సైటు వాడలేదన్న సంగతి మరిచిపోతారు. ఇప్పుడు తాకి చూడటం పనికొచ్చింది. వెనక సైటుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపితే కంటికి ఏమీ కనబడలేదు, చెవికి మాత్రం "టిక్" మని చిన్న చప్పుడు వినబడింది. దాన్ని పట్టాకి బిగించే మర వెంట్రుకవాసి వదులయింది. మా తుపాకిలో ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య సుమారు 80 సెంటీమీటర్లు. అక్కడ పదో వంతు మిల్లీమీటరు కదిలితే పది మీటర్ల దూరాన ఒకటింబావు మిల్లీమీటరు, అంటే అర పాయింటు. మర బిగించాము, మరేదీ ముట్టుకోలేదు. ఎనభై ఎనిమిది తొంభై ఒకటి అయింది.

సగం దొరికింది. మరి రెండో సగం? శిక్షకుడు బల్ల మీద ఆనించి, సైటు చూసి కొడితే వరసగా పదులే. ఇప్పుడు నిజంగా మనిషి దగ్గరికి వచ్చాము. మా అమ్మాయి తల దించుకుంది. అయితే మనిషి అంటే చేతకానితనం ఒకటే కాదు గదా. ఆమె నిలబడి గురి చూస్తుండగా పక్క నుంచి చూశాము. మెడ ముందుకి వంగి ఉంది, చెంప దిండుకి ఆనటం లేదు, కన్ను సైటు కన్నానికి సరిగ్గా నడుమ లేదు. ఇంటికి వెళ్ళి తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు చూస్తే విషయం బోధపడింది. తుపాకి అమర్చిన నాటి నుంచి పిల్ల రెండంగుళాలు ఎదిగింది! తుపాకి ఎక్కడిది అక్కడే ఉంది, పిల్లే మారింది. పోయినేటి లంగా ఈ ఏడు పొట్టిదయిందని పిల్లని కోప్పడతామా? తుపాకి మడమని వెనక్కి జరిపి, చెంప దిండు కొంచెం ఎత్తితే మెడ తిన్నగా నిలిచింది. మూడు వారాలకి తొంభై నాలుగు మళ్ళీ కనబడింది.

ఈ మధ్యలో ఒక మిత్రుడు, "మీలో డాక్టరున్నారు గదా, చెయ్యి వణక్కుండా ఏదైనా మాత్ర ఇవ్వకూడదూ?" అన్నారు. నవ్వులాటకే అయినా సమాధానం చెప్పటం మంచిది. గుండె వేగాన్నీ, చేతి వణుకునీ తగ్గించే బీటా బ్లాకర్లు షూటింగులో నిషిద్ధం. పోటీ రోజున మాత్రమే కాదు, మిగతా రోజుల్లో కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్సులో ఉత్తర కొరియా పిస్టలు ఆటగాడు కిమ్ జాంగ్ సు ప్రొప్రనొలాల్ వాడాడని తేలి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. జబ్బు లేని పిల్లకి మందెందుకు? ఊపిరి వదిలాక వచ్చే ఆ చిన్న విరామం చాలు, అది ఉచితం, దుష్ఫలితాలు లేవు.

అసలు జాగ్రత్త పడవలసినది సీసం గురించి. గుళ్ళు సీసంతో చేసినవి. పిల్లల రక్తంలో సీసం విషయమై సి.డి.సి. వారు 2021లో హెచ్చరిక మట్టాన్ని డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి దించారు. క్లబ్బులో తినుబండారాలు వద్దు, గుండ్లు నోట్లో పెట్టుకోవటం అసలే వద్దు, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని గాని కారెక్కవద్దు. సీసం లేని గుండ్లు కూడా దొరుకుతాయి.

మద్దెల ఓడవటం గొప్పవాళ్ళకి కూడా జరిగింది. అభినవ్ బింద్రా 2004 ఏథెన్సులో మూడో స్థానంలో ఫైనలుకి వెళ్ళి, ఏడో స్థానంలో మిగిలాడు. ఆయన నిలబడిన చోట కాళ్ళ కింద నేల పలక వదులుగా ఉందని తరవాత తెలిసింది. 2008 బీజింగులో ఫైనలుకి ముందు సరిచూసుకోవటానికి కొట్టిన గుండు ఎక్కడికో పోయింది; సైటు కదిలిపోయి ఉంది. ఏడవలేదు, ఎవరితోనూ దెబ్బలాడలేదు, సైటు సరిదిద్దుకున్నాడు. చివరి గుండుకి 10.8 కొట్టి, మొత్తం 700.5తో భారతదేశానికి వ్యక్తిగత పోటీల్లో మొట్టమొదటి ఒలింపిక్ బంగారం తెచ్చాడు. అదే రోజు తొలి దశలో ఆయనకి 596, మన గగన్ నారంగ్‌కి 595. నారంగ్‌కి ఫైనలు దక్కలేదు. ఒక్క పాయింటంటే పైన చెప్పిన లెక్క ప్రకారం రెండున్నర మిల్లీమీటర్లు. వెనక సైటు దగ్గర అయితే రెండు పదో వంతులు. ఆయన మరో నాలుగేళ్ళు ఆగి పతకం తెచ్చుకున్నాడు.

ఇంతకీ మేము చెప్పవచ్చినదేమంటే, సామెత తప్పని కాదు. ఆడలేక మద్దెల మీద నెట్టేవాళ్ళు లోకంలో ఉన్నారు. కాని మన ఇళ్ళలో పిల్లలు చాలామంది దానికి తిరగబడ్డ జాతి. మద్దెల నిజంగా ఓడైనా కాళ్ళనే తిట్టుకుంటారు. మనం ఎన్ని సముద్రాలు దాటి, ఎన్ని పరీక్షలు రాసి ఇక్కడికి వచ్చామో వినీ వినీ, "కష్టపడితే రానిదేముంది, రాలేదంటే నేను కష్టపడలేదు" అన్న లెక్క వాళ్ళకి పట్టుబడిపోయింది. మార్కులు తగ్గిన పిల్లకి కంటి అద్దాలు మారాలేమో, వయొలిన్ పలకని పిల్లవాడికి వాయిద్యం చిన్నదయిందేమో, ముందు చూడాలి. చూసిన తరవాత లోపం పిల్లదే అని తేలినా ఫరవాలేదు, అప్పుడు ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది. అన్నీ సరిగా ఉన్నా కొన్ని గుండ్లు తొమ్మిదిలోనే పడతాయి. వాటికి ఎవరి మీదా నేరం మోపనక్కరలేదు.

మార్చి వచ్చింది, వెళ్ళింది. మానెయ్యటం గురించి ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. తుపాకి పెట్టెలో ఇప్పుడు ఒక చిన్న పుస్తకం ఉంటోంది. అందులో వరసగా సైటు మర, గాలి, గుండ్ల డబ్బా, ఎత్తు అని రాసి, వారం వారం ఎదురుగా టిక్కులు పెడుతోంది. అట్ట మీద పేరు తెలుగులో తనే రాసుకుంది: "మద్దెల". దీర్ఘం ఎక్కడా తప్పు పడలేదు.