కవిత్వం కూడు పెడుతుందా?

ఉద్యోగం మానేసి కవిత్వం రాసుకుంటూ, కవితా సంకలనాలకి సంపాదకత్వం చేసుకుంటూ బతికేయొచ్చా? కోడు రాసే నాలాంటివాళ్ళకి అప్పుడప్పుడూ ఈ పురుగు కుడుతుంది. మాది నెల్లూరు, మైపాడు సముద్రం వైపు. సరే, మా జిల్లా కవులేం చేశారో చూద్దామనుకున్నా.

13వ శతాబ్దంలో తిక్కన మనుమసిద్ధి దగ్గర మంత్రి. నిర్వచనోత్తర రామాయణం రాజుకి అంకితమిచ్చాడు, భారతంలో 15 పర్వాలు మాత్రం హరిహరనాథుడికి. అంటే బాసుకొకటి, తనకోసం ఒకటి :) దువ్వూరి రామిరెడ్డి (1895-1947) రైతు. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' తెచ్చిన పఠాభి 1970లో 'సంస్కార' సినిమా తీశాడు. ముగ్గురికీ కవిత్వం కాక ఇంకో పని ఉంది.

సంపాదకత్వం ఇంకా కష్టం. వంద కవితలు చదివి, బాగాలేనిది స్నేహితుడిదైనా తిప్పి పంపాలి. అచ్చం కోడ్ రివ్యూనే, కాకపోతే జీతం ఉండదు, శత్రువులు మిగులుతారు.

నాన్న రిటైరయ్యారు, ఇంటి లోను నా జీతం మీదే నడుస్తోంది. అందుకే రాజీనామా మెయిలు ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది. పొద్దున 5 నుంచి 7 దాకా మాత్రం కవిత్వానిదే, ఆ రెండు గంటలూ ఏ మేనేజరుకీ ఇవ్వను. తిక్కనకి చాలింది, నాకు చాలదా? మీరేమంటారు?