సంత మారినప్పుడు



మన పల్లెలలో సంత ఎట్లు పుట్టునో, ఎట్లు పోవునో మీకు తెలియును. ఒక ఊరికి బస్సు రోడ్డు పడగానే పాత సంత పలుచబడును, కొత్తచోట జనము చేరుదురు. కూరగాయలవాడు జనమున్నచోటికి పోవును, జనము కూరగాయలవాడున్నచోటికి పోవుదురు. సెల్‌ఫోనులోని సంతలు కూడ ఇట్లే మారుచున్నవి. ఊరి సంత మారుటకు ఒక తరము పట్టును గాని, ఇవి అయిదారేండ్లకే మారిపోవుచున్నవి.

2004 జనవరిలో గూగుల్ సంస్థవారు ఆర్కుట్ అనుదానిని ప్రారంభించిరి. దానిని తయారుచేసిన ఇంజనీరు పేరే దానికి పెట్టిరి. బ్రెజిల్ దేశములోను మన దేశములోను అది బాగుగా వ్యాపించినది. పట్టణములలో చదువుకొనుచుండిన మన పిల్లలు అప్పట్లో అందులోనే ఒకరినొకరు పలకరించుకొనెడివారు. అదే సంవత్సరము అమెరికాలో పుట్టిన ఫేస్‌బుక్ 2010లో మన దేశములో దానిని దాటిపోయినది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినది. మైస్పేస్ సంగతి ఇంకను విచారకరము. 2005లో 58 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన ఆ సంస్థ, 2011లో సుమారు మూడున్నర కోట్ల డాలర్లకే చేతులు మారినది. 2016కు ముందు జనము అందులో దాచుకొనిన పాటలు, ఫొటోలు ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు మార్చునప్పుడు పోయినవని 2019లో తెలిసినది.

మన ఊళ్లకు ఈ సంత నిజముగా వచ్చినది 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయిన తరువాతనే. వాట్సాప్, యూట్యూబ్ ఇంటింటికి చేరినవి. పిమ్మట టిక్‌టాక్. కలుపు తీయువారు సైతము గట్టుమీద నిలిచి అందులో పాటలు పాడిరి. 2020 జూన్ 29న ప్రభుత్వము 59 యాప్‌లను నిషేధించగా అదియు పోయినది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రాములో రీల్స్ వచ్చినవి. మన దేశములోనే పుట్టిన కూ 2020లో మొదలై 2024 జులైలో మూతపడినది.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. తల్లిదండ్రులు, మేనమామలు, పాస్టరుగారు ఒకచోట చేరగానే పిల్లలు మెల్లగా వేరొకచోటికి జరుగుదురు. అందుకు వారిని మేము నిందింపము. రచ్చకట్టమీద పెద్దలు కూర్చుంటే మనము చెరువుగట్టుకు పోలేదా?

అయినను మా సంఘములో జరిగినది చెప్పవలెను. మా ప్రార్థన మనవులన్నియు వాట్సాప్ గ్రూపులో వచ్చును. యౌవనస్థులు అందులో పేరుకు ఉన్నారు గాని చూడరు. ఇంటర్ ఫలితములు వచ్చిన రోజు, పరీక్ష తప్పిన అబ్బాయి ఒకడు రాత్రి పదిగంటలకు ఇన్‌స్టాగ్రాములో అందరికిని సెలవు చెప్పుచున్నట్లు రెండు మాటలు పెట్టెను. సంఘ పెద్దలలో ఒక్కరును అక్కడ లేరు. మేము ఆ రాత్రి పక్క గ్రామములో కూటములో ఉంటిమి. సండేస్కూలుకు వచ్చు ఒక ఆడపిల్ల అది చూచి తల్లిని లేపినది. ఆ తల్లి పక్కింటి అవ్వను తోడుకొని, టార్చిలైటు పట్టుకొని వారింటికి పరుగెత్తినది. వాడు పెరటిలో పశువుల కొట్టము దగ్గర ఒంటరిగా కూర్చుండెను. అవ్వ పరీక్ష మాట ఎత్తనేలేదట. "ఏమి నాయనా, అన్నము తింటివా?" అని పక్కన కూలబడినదట. తెల్లవారువరకు అక్కడనే ఉన్నది. వాడు ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నాడు.

ఆ అవ్వకు ఏ ఫోనును లేదు. ఆ పిల్లకు చూపు ఉన్నది, అవ్వకు కూర్చుండు ఓపిక ఉన్నది. ఆ రెంటినడుమ ఒక తల్లి మెలకువ కావలసివచ్చినది. ఇశ్రాయేలీయులు అరణ్యములో గుడారములు ఎత్తినప్పుడు ముసలివారును చంటిబిడ్డలును కలిసియే కదలిరి. మన పిల్లలు గుడారము ఎత్తినది మనకు తెల్లవారినపిమ్మట గాని తెలియదు.

అటుపిమ్మట మా స్త్రీల సమాజమువారు కూర్చుండి కొన్ని ఏర్పాట్లు చేసిరి. మరణవార్త, జబ్బువార్త ఫోనులో పెట్టినను, వీధికి ఒకరు నడచిపోయి నోటితో చెప్పవలెను. పెండ్లి, బాప్తిస్మము ఫొటోలు ఏడాదికొకసారి మండల కేంద్రములో ప్రింటు వేయించి ఆల్బములో పెట్టవలెను. మందిరము గుమ్మము దగ్గర మనవుల కొరకు ఒక నోటుపుస్తకము కూడ పెట్టిరి. చదువురానివారి మనవులు ఆ ఆడపిల్లయే అడిగి వ్రాయుచున్నది. మొదటి పేజీలో మొదటి మనవి అవ్వది. మోకాళ్ల నొప్పులు.